కాగితం మీద ఇళ్లు

చవక ఇళ్ల పథకంలో మన నగరం భలే పురోగతి సాధించిందట. రిపోర్టు చూశాను. మంజూరైనవి, పునాది పడినవి, పూర్తయినవి అన్నీ ఒకే గంపలో పోసి లెక్క చెప్పారు. తాళంచెవి ఎంతమంది చేతికొచ్చిందో మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

అద్దె సాయానికి నేనూ అప్లై చేశాను. ఆదాయం సర్టిఫికెట్ మూడు నెలల లోపుదే కావాలన్నారు. ఫైలు కదిలేలోగా అది కాస్తా పాతబడింది, మళ్లీ తెమ్మన్నారు. తెచ్చేసరికి జీతం రవ్వంత పెరిగిందని, పరిమితి దాటిపోయానన్నారు. ఆ పెంపు కొత్త అద్దెకే చాల్లేదు మహాప్రభో! ఆదాయంలో అద్దె 30 శాతం మించకూడదని చాలాచోట్ల ఓ కొలత ఉంది. నాకు సగం అక్కడే హారతి.

పోనీ, సాయం మంజూరైన మా పక్కింటావిడైనా సుఖంగా ఉందా? ఏ ఓనరూ ఇల్లివ్వడు. "ఆ డబ్బు ఎప్పుడు పడుతుందో ఏమోనమ్మా" అంటాడు. గడువులోగా ఇల్లు దొరక్క ఆ మంజూరు కాగితమూ రద్దయింది. లెక్కల్లో మాత్రం ఆవిడ ఇంకా లబ్ధిదారే!