అమ్మ టికెట్ మీద నాన్న పేరు పెట్టడానికి ఇంత తతంగమా?

ఫోన్లో రెండు నిమిషాల్లో రైలు టికెట్ కొనుక్కోవచ్చు, కూర్చున్న చోటనే రద్దు చేసుకోవచ్చు, బోర్డింగ్ స్టేషన్ విజయవాడ నుంచి గుంటూరుకి మార్చుకోవచ్చు. కానీ అదే టికెట్ మీద అమ్మ పేరు తీసి నాన్న పేరు పెట్టాలంటే మాత్రం ప్రింటవుట్ తీయించి, గుర్తింపు కార్డు, బంధుత్వానికి రుజువు పట్టుకుని, రైలు బయల్దేరే టైముకి 24 గంటల ముందే రిజర్వేషన్ కౌంటర్‌కి వెళ్లాలి. ఆన్‌లైన్లో కొన్న టికెట్‌కి ఆన్‌లైన్లో పేరు మార్చే దారే లేదు. నాకు ఎంత ఆలోచించినా మింగుడుపడని విషయం ఇదే.

ఒకప్పుడు అర్థముండేది. 2002లో ఐఆర్‌సీటీసీ ఆన్‌లైన్ బుకింగ్ మొదలుపెట్టినప్పుడు ఇంటికి కాగితం టికెట్టే కొరియర్‌లో వచ్చేది, అది తీసుకోవడానికి ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి, అది పోతే అదో తలనొప్పి. ఆ కాగితం మీద పేరు మారాలంటే కౌంటర్‌కి వెళ్లక తప్పేది కాదు, ఒప్పుకుంటాను. ఇప్పుడు ఆ కొరియర్ టికెట్లే లేవు. ఫోన్లో మెసేజ్, చేతిలో ఒరిజినల్ ఐడీ ఉంటే టీటీఈ ఇంకేమీ అడగడు. టికెట్‌లో కాగితం పోయింది, పేరు మార్చడంలో మాత్రం మిగిలిపోయింది.

సరే, కౌంటర్‌కే వెళదాం. ఎవరి పేరు మీదకి మారుస్తారు? తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, కొడుకు, కూతురు, భర్త, భార్య. అంతే. మన ఇళ్లలో కుటుంబమంటే ఇంతేనా? అత్తగారికి ఒంట్లో బాగోలేక ఆమె బెర్త్‌లో కోడలు వెళ్లాలంటే కుదరదు. తాతయ్య బదులు మనవడు వెళ్లడానికి లేదు. బావమరిది, మేనల్లుడు, తోడికోడలు, పిన్ని కొడుకు, వీళ్లెవరూ రైల్వే లెక్కలో మనవాళ్లు కారు. గుంటూరు జిల్లాలో ఏ ఇంటికైనా వెళ్లి అడగండి, ఊరికి బయల్దేరేటప్పుడు ఒకరి బదులు ఒకరు వెళ్లేది ఎక్కువగా వీళ్లే.

లిస్టులో ఉన్నవాళ్లకైనా సాఫీగా అవుతుందా అంటే అదీ లేదు. మా వీధిలో ఒక పిన్నిగారు తన టికెట్ తమ్ముడి పేరు మీదకి మార్పించుకోవడానికి వెళ్లారు. పెళ్లయ్యాక ఆవిడ ఇంటిపేరు మారింది, ఆధార్‌లో భర్త పేరే ఉంది, బియ్యం కార్డు అత్తగారి ఇంటిది. ఇద్దరూ ఒక తల్లి పిల్లలని చూపించే కాగితం ఏదీ? చివరికి ఆవిడ ఎప్పటిదో పదో తరగతి సర్టిఫికెట్ ట్రంకుపెట్టెలోంచి వెతికి తీస్తే, దాని మీద తండ్రి పేరు చూసి ఒప్పుకున్నారట. అదీ దొరకని ఆడవాళ్ల సంగతేంటి? అన్నదమ్ములకైతే ఒకే ఇంటిపేరు, ఒకే తండ్రి పేరు, పని ఇట్టే అయిపోతుంది. రూల్‌లో అక్కచెల్లెళ్లని రాశారు గానీ, పెళ్లయిన ఆడపిల్ల దగ్గర పుట్టింటి కాగితాలు ఉండవన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే.

పెళ్లివాళ్ల కథ ఇంకొకటి. మగపెళ్లివారు నలభై మంది టికెట్లు తీసుకుంటే, పేర్లు మార్చేది పది శాతానికి మించకూడదు, అంటే నలుగురికి. అది కూడా 48 గంటల ముందు, ఒక్కసారే. పెళ్లికి ఎవరు వస్తారో, ఎవరు ఆగిపోతారో రెండు రోజుల ముందు ఏ ఇంట్లోనైనా తేలుతుందా?

ఇదంతా బ్రోకర్ల కోసం పెట్టిన కట్టడి అంటారు. ఆ భయం నిజమైనదే, నేను కాదనను. టికెట్ ఎవరికి పడితే వాళ్లకి మార్చుకోవచ్చంటే సంక్రాంతి సీట్లన్నీ ఒక పూటలో కొనేసి మూడింతలకి అమ్మేవాళ్లు రెడీగా ఉంటారు. 1989 రైల్వే చట్టంలో దానికి శిక్షలున్నాయి. కొన్న టికెట్ ఇంకొకరికి అమ్మితే 142వ సెక్షన్, అనుమతి లేకుండా టికెట్ల వ్యాపారం చేస్తే 143వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు. ఈ 143 ఆన్‌లైన్ టికెట్లకీ వర్తిస్తుందని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. బాగుంది, బ్రోకర్లని పట్టుకోండి. కానీ ఆ పేరు చెప్పి కోడలిని ఆపడం దేనికి?

పైగా 2025 జులై నుంచి తత్కాల్ టికెట్ కావాలంటే ఆధార్ వెరిఫికేషన్ చెయ్యమన్నారు, ఓటీపీ పెట్టారు. ఎవరు కొంటున్నారో ఇప్పుడు రైల్వేకి తెలుస్తుంది కదా. అదే ఆధార్‌తో పేరు మార్పు కూడా ఎందుకు పెట్టరు? పాత ప్రయాణికుడికి ఒక ఓటీపీ, కొత్త ప్రయాణికుడికి ఒక ఓటీపీ, ఒక టికెట్‌కి ఒక్కసారే, ఒక మనిషి ఏడాదికి ఇన్నిసార్లే అని హద్దు, చార్ట్ తయారయ్యేలోపు ఎప్పుడైనా. కావాలంటే చిన్న ఫీజు తీసుకోండి, ఇస్తాం. ఏడాదికి రెండు మూడు మార్పులతో ఏ బ్రోకరూ వ్యాపారం చెయ్యలేడు. దీనికి పార్లమెంటులో చట్టం మార్చక్కర్లేదు కూడా. పేరు మీదున్న టికెట్ ఆ మనిషే వాడాలని చెప్పే 53వ సెక్షన్‌లోనే, నిబంధనల ప్రకారం అధికారి పేరు మార్పుకి అనుమతి ఇవ్వొచ్చని ఉంది. ఆ నిబంధనలు రాసుకునేది ప్రభుత్వమే, కాబట్టి లిస్టులో అత్తనీ కోడలినీ మనవడినీ మేనల్లుడినీ చేర్చడం వాళ్ల చేతిలో పని.

ఇప్పుడు జరిగేదేంటో చూడండి. వెళ్లాల్సిన మనిషి ఆగిపోతే కన్ఫర్మ్ బెర్త్ రద్దు చేసి ఛార్జీ కట్టాలి, తత్కాల్ అయితే రూపాయి రాదు, వెళ్లే మనిషికి వెయిటింగ్ లిస్టు. లేదంటే "ఎవరడుగుతారులే" అని వేరేవాళ్ల టికెట్‌తో ఎక్కించేస్తారు. దయచేసి అలా చెయ్యకండి. టీటీఈ ఐడీ చూస్తే టికెట్ లేనట్టే లెక్క, పెద్దవాళ్లని ఆ అవమానంలోకి నెట్టకండి. ఒకే రైల్లో వెళ్తున్నవాళ్లు బెర్తులు మార్చుకోవడానికి మాత్రం అదే 53వ సెక్షన్ ఒప్పుకుంటుంది, దానికి భయపడక్కర్లేదు.

పండక్కి టికెట్లు తీసినవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. రిజర్వేషన్ కౌంటర్లు ఆదివారం మధ్యాహ్నం దాకానే ఉంటాయి, సోమవారం రైలుకి ఆదివారం సాయంత్రం పేరు మార్పిద్దామంటే ఎవరూ ఉండరు. పెళ్లయిన ఆడపిల్లలున్న ఇళ్లవాళ్లు తండ్రి పేరున్న సర్టిఫికెట్ ఒకటి ఫోన్లో ఫొటోగా కాదు, ఒరిజినలే దగ్గర పెట్టుకోండి. మీ ఎంపీ ఆఫీసు దగ్గరలో ఉంటే ఈ లిస్టు గురించి ఒక అర్జీ రాసి ఇవ్వండి, నేను రాస్తున్నాను.