తెలుపు గారికి, తడి ఆరని చేతులతో

మహారాజశ్రీ తెలుపు రంగు గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. అలవాటు కొద్దీ ఉభయ అనేశాను గానీ, తమరి కుశలం అంత బాగా ఏమీ లేదు. హాల్లో కిటికీ పక్క గోడ మీద, మోకాలి ఎత్తున, తమరికో మచ్చ పడింది. నిన్న మధ్యాహ్నం అది బొటనవేలి గోరంత ఉంది. ఇవాళ తలుపంత ఉంది. గోరుకూ తలుపుకూ మధ్య జరిగిన కథ తమరికి తెలియనిది కాదు, చేసిందంతా తమరే కదా. అయినా నా తృప్తి కోసం రాసుకుంటున్నాను. వేళ్ల సందుల్లో ఇంకా తమరే ఉన్నారు కాబట్టి కాగితం మీద మరకలుంటే మన్నించండి.

ఇంటిని నలుపు తెలుపుల్లో తీర్చిదిద్దుకుంటే ఖర్చు తక్కువని ఎవరు కనిపెట్టారో గానీ, వినడానికి ఎంత ముద్దుగా ఉంటుందో. ఉన్నవి రెండే రంగులు. దేనికి ఏది నప్పుతుందన్న తలనొప్పి లేదు. పాత సామానుకు నలుపు పూస్తే కొత్త సామాను, పాత గోడకు తెలుపు పూస్తే కొత్త గోడ. నలుపు నలుపే, తెలుపు తెలుపే, మధ్యలో మన పర్సు భద్రం. తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్లు అనుకునే మనుషుల్లో నేను మొదటి వరసలో కూర్చునే రకం. నమ్మాను.

తమరి జోడీదారు నలుపు గారి మీద కూడా ఫిర్యాదులున్నాయి. ఆయనది వేరే ఉత్తరం, ఇక్కడ రెండు ముక్కలే చెప్తాను. బల్లకు నిగనిగలాడే నలుపు వేస్తే దుమ్ము కనపడదని ఎవరో అన్నారు. దుమ్మంటే చాలా వరకు మన చర్మం పొట్టు, గుడ్డల నూగు, మట్టి. అన్నీ లేత రంగువే. నల్ల బల్ల మీద అవి ఆకాశంలో చుక్కల్లా మెరుస్తున్నాయి. ఇక నూలు తెరలకు నల్లరంగు అద్దితే గుడ్డంతా బాగానే నల్లబడింది, కుట్లు మాత్రం తెల్లగా పళ్లికిలించాయి. దారం పాలియెస్టరట, నూలు రంగు దానికి ఎక్కదట. ఈ ముక్క రంగు పొట్లం మీద రాసే ఉంది, తెరలు ఆరేశాక చదివాను. గోడకు తగిలించే ఫొటోలు ఇంట్లోని రంగుల ప్రింటర్‌లోనే తీశాను. దానికి బూడిదరంగు రావాలంటే మిగతా రంగులన్నీ కలుపుకోవాలి కదా, ఆ కలపడంలో మా నాన్న చిన్ననాటి ఫొటో లేత ఆకుపచ్చకు తిరిగింది. చారల గోడ గురించి అసలు అడగొద్దు. అతికించిన టేపు కిందికి నలుపు పాకిపోయి, గీత గీసినట్టు రావలసిన అంచులు చీమలు నడిచినట్టు వచ్చాయి. టేపు అంచుకు ముందు ఒక చేయి, అంటే ఒక పూత, తెల్లరంగే పూసి సందులు మూసేయాలని తర్వాత తెలిసింది. నాకన్నీ తర్వాతే తెలుస్తాయి.

ఇవన్నీ భరించాను. కానీ తమరు చేసింది భరించలేకపోతున్నాను.

మచ్చ ఎలా వచ్చిందో ముందు విన్నవించుకుంటాను. ఖర్చు కలిసొస్తుందని నేను స్వహస్తాలతో నల్లరంగు వేసిన పాత కుర్చీ ఉంది. దాని వీపు గోడకు రాసుకుని గోరంత నల్ల గీత పడింది. తడిగుడ్డ తెచ్చి తుడిచాను. గీత సగం పోయింది. మిగతా సగం కోసం కాస్త గట్టిగా రుద్దాను. అదీ పోయింది, గోడకున్న మెరుపులేనితనం కూడా దాంతోపాటే పోయింది. మెరుపు లేని రంగును రుద్దితే నునుపెక్కి మెరుస్తుందట. అంటే, నల్లగీత ఉన్న చోట ఇప్పుడు రూపాయి బిళ్లంత నిగారింపు. పక్కనుంచి చూస్తే గోడ కన్నుకొట్టినట్టుంది.

అటక మీద పాత డబ్బా ఉంది. ఇదే గోడకు వేసిన ఇదే రంగు, మూత మీద నా చేత్తో 'హాలు' అని రాసిన డబ్బా. మిగిలిన రంగును దాచుకున్న నా ముందుచూపుకు నేనే మురిసిపోయి, పైన కట్టిన తెట్టు తీసి, కలియబెట్టి, చిన్న కుంచెతో ఒక్క చుక్క అద్దాను.

మా ఆయన అటుగా వెళ్తూ చూశారు. "కొంచెం తేడాగా ఉందే" అన్నారు. నా మొహం చూసి, "తడిగా ఉంది కదా, ఆరనీ. ఆరితే కలిసిపోతుంది" అని సర్దారు.

నిజమే, తడి రంగు వేరు, ఆరిన రంగు వేరు. ఆరనిచ్చాను. ఆరింది. కలవలేదు. డబ్బాలో నిద్రపోయిన రంగుకు వయసు రాలేదు, గోడ మీద రంగుకు వచ్చింది. ఇన్నాళ్ల పొగ, దుమ్ము, ఎండ అన్నీ అది తాగింది. పైగా గోడకు అప్పట్లో రోలరు నడిపారు, నేను కుంచె పెట్టాను. రోలరు వదిలే సన్నటి నూకలాంటి గరుకు ఒకటి, కుంచె వదిలే గీతలొకటి. కిటికీలోంచి వెలుతురు ఏటవాలుగా పడగానే రెండూ రెండు భాషలు మాట్లాడుతున్నాయి. సరే, రోలరు తెచ్చాను. అరచేయంత అయింది. అంచు కనబడకుండా చుట్టూ పలచగా లాగాలి అన్నారు, లాగాను. పళ్లెమంత అయింది. కోతిపుండు బ్రహ్మరాక్షసి అని పెద్దలు ఊరికే అనలేదు. గోకిన కొద్దీ పెరిగి, కిటికీ అంచును తాకిన సమయానికి డబ్బా అడుగు కనబడింది.

కొత్త డబ్బా కోసం దుకాణానికి వెళ్లి, తెలుపు కావాలన్నాను. దుకాణదారు ఎంతో మర్యాదగా, "ఏ తెలుపండీ?" అన్నాడు.

ఏ తెలుపు! ఈ ప్రశ్న దగ్గరే, మహారాజశ్రీ, తమరి మీద నా గౌరవం మొదటిసారి సడలింది. విసనకర్రలా విప్పిన రంగుల చీటీలో తమరు వరసలు వరసలుగా ఉన్నారు. కొంచెం నీలం మొగ్గిన తెలుపు, కొంచెం పసుపు మొగ్గినది, గులాబీ ఛాయది, బూడిద ఛాయది, పంటి రంగుది, పాత కాగితం రంగుది. ఒక్కొక్కదాని వెనక ఒక అంకె. అది వెలుతురును ఎంత శాతం తిప్పికొడుతుందో చెప్పే కొలతట. నలుపుకు అది 5 దరిదాపుల్లో ఉంటుంది, తెలుపులకు 80 దాటి ఉంటుంది. ఆ 80కీ 100కీ మధ్యే తమరు ఇంత సంసారం పెట్టుకుని కూర్చున్నారని నాకేం తెలుసు? ఇంకో రహస్యం కూడా బయటపడింది. పసుపు ఛాయ కనపడకూడదని కొన్ని తెలుపుల్లో నీలమో, నలుపో ఇంత చుక్క వేస్తారట. నలుపు! తెలుపు డబ్బాలో! మరి నేనెందుకండీ ఆ రెంటినీ టేపులు అంటించి విడదీస్తూ కూర్చున్నది?

ఉన్నవాటిలో చవకైనది తీసుకున్నాను. బడ్జెటు ఇల్లు కదా. అక్కడ మళ్లీ నేనే పొరపాటు చేశాను. ఒకప్పుడు తమరిని సీసంతో చేసేవారు, గోడను చక్కగా కప్పేవారు, మనిషిని విషమై చంపేవారు. ఇప్పుడు ఆ పని టైటానియం డయాక్సైడ్ చేస్తోంది, విషం గొడవ లేదు. కానీ అది ఖరీదైన సరుకు. చవక డబ్బాలో దాన్ని పొదుపుగా వేసి, మిగతాది సుద్దపొడి లాంటివాటితో నింపుతారు. అందుకే ఒక చేయి వేస్తే కింది గోడ పైకి తొంగి చూస్తుంది. రెండో చేయి వేస్తే నెమ్మదిగా చూస్తుంది. మూడో చేతికి చూడటం మానేస్తుంది. మూడు చేతులకు అయిన డబ్బాల లెక్క వేస్తే ఖరీదైనదాన్ని దర్జాగా కొనుక్కోవచ్చు.

మూడు చేతులు వేశాను. తలుపంత మేర. ఆరనిచ్చాను. మా ఆయన వచ్చి మళ్లీ అదే మాట అన్నారు.

ఆరింది. అప్పుడు చూశాను నిన్ను.

ఇక మహారాజశ్రీ లేదు, మీరు లేదు. నువ్వే. నువ్వు కలవలేదు సరికదా, పక్కనున్న నీ పాత రూపాన్ని కూడా పాడు చేశావు. నిన్నటిదాకా తెల్లగా ఉన్న గోడ, నీ కొత్త ముక్క పక్కన పాసిపోయినట్టు కనబడుతోంది. గోడ మారలేదు, పక్కింటివాడు మారాడు. ఇదేమీ కొత్త మోసం కాదని కూడా నాకు తెలుసు. పారిస్‌లో గోబెలిన్స్ అని బొమ్మల తివాచీలు నేసే చోట, అద్దకాల విభాగానికి షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్త పెద్దగా ఉండేవాడు. నల్ల దారం వెలవెలబోతోందని ఆయన దగ్గరికి ఫిర్యాదు వెళ్లింది. పాపం రంగు మంచిదే, పక్కన నేసిన నీలాల వల్ల అలా కనబడుతోందని తేల్చి, 1839లో ఏకంగా పెద్ద పుస్తకం రాశాడు. ఆయన 102 ఏళ్లు బతికాడు. తన ఇంటి గోడకు తనే మచ్చ దిద్దుకుని ఉండడు.

నువ్వంటే శుభ్రం అంటారు, శాంతి అంటారు, నిరాడంబరం అంటారు. ఆడంబరం లేనిదానివి ఒక్కదానివిగా ఉండొచ్చు కదా? ఎర్రరంగు కొంచెం తేడా వస్తే మనిషి పట్టించుకోడు. నీలం తేడా వస్తే 'అదో ఛాయ' అంటాడు. నువ్వు వెంట్రుకవాసి తేడా వస్తే చాలు, గది అవతలి మూల నుంచి వేలెత్తి చూపిస్తావు. తక్కువ ఖర్చు మనిషి ఆశ్రయించేది నిన్నే, తక్కువ ఖర్చు మనిషిని పట్టిచ్చేదీ నువ్వే. ఖరీదైన ఇంట్లో నీ పేరు నాజూకు, నా ఇంట్లో నీ పేరు 'రంగు చాల్లేదా?'

కోపంలో పుస్తకాల బీరువాను జరిపాను. దానికీ నల్లరంగు వేసింది నేనే. ఆ చివర నుంచి ఈ చివరకు, పుస్తకాలన్నీ దించి, లాగి, మచ్చకు అడ్డం పెట్టి, మళ్లీ పుస్తకాలన్నీ సర్దాను. వెనక్కి తిరిగి చూశాను. బీరువా ఇన్నాళ్లూ ఉన్న చోట, సరిగ్గా బీరువా ఆకారంలో, బీరువా కొలతలతో, దుమ్మూ ధూళీ తాకని అసలు సిసలైన తెలుపు, మొదటి రోజు వేసినట్టే నిలబడి ఉంది. అదే, నేను నిన్న మధ్యాహ్నం నుంచి వెతుకుతున్న తెలుపు. బీరువా దాని మీద కూర్చుని ఉంది.

నేల మీద కూర్చుండిపోయాను. పొద్దు పోయింది. ఎవరో దీపం వేశారు. ఆ బల్బు ఈ ఇంటికని కొన్నది కాదు, పాత ఇంటి నుంచి వెంట వచ్చినది. పెట్టె మీద వెలుగు ఛాయ కొలత 2700 కె (కెల్విన్) అని ఉండేది, పసుపు వెలుగుది. 6500 కె తెల్ల బల్బు వేద్దామని నేనే ఎన్నిసార్లో అన్నాను, నలుపు తెలుపులకు అదే నప్పుతుందని. వేయకపోవడం మంచిదైంది. ఆ పసుపు వెలుగు పడగానే గోడ మీది తెలుపులన్నీ, పాతదీ కొత్తదీ బీరువా చాటుదీ, ఒక్కటైపోయాయి. మచ్చ లేదు. తలుపు లేదు. నల్ల కుర్చీ, నల్ల చట్రాలు, ఆ వెనక గోరువెచ్చటి ఒకే ఒక్క తెలుపు. తెరల కుట్లు కూడా కావాలని కుట్టినట్టు ఉన్నాయి. ఎంత బాగుందో చెప్పడం నాకిష్టం లేదు. చాలా బాగుంది.

మా ఆయన పక్కన వచ్చి కూర్చున్నారు. గోడ వంక కాసేపు చూసి, "చూశావా, ఆరితే కలిసిపోతుందన్నానా!" అన్నారు.

ఊఁ అన్నాను. బల్బు సంగతి చెప్పలేదు.

ఇట్లు,
తమరి గోడ ముందు నేల మీద కూర్చున్న
ఒక గృహిణి.

తా.క. రేపు పొద్దున ఎవరూ తెరలు తీయొద్దని ఇంట్లో చెప్పాను.