సవరణ: భక్తికి మూలం భయం ఒక్కటే కాదు

మొన్నటి పోస్టులో “దేవుడి మీద నమ్మకం భయంలోంచే పుట్టిందని మాలినోవ్‌స్కీ తేల్చాడు” అని రాశాం. అది తప్పు.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో ఈ మానవశాస్త్రవేత్త గమనించింది వేరు. అలలు లేని లోపలి నీళ్లలో విషపు వేళ్లతో చేపలు పట్టేటప్పుడు మంత్రాల ఊసే లేదు. నడిసముద్రంలో వేటకైతే బోలెడు. ఫలితం చేతిలో లేనిచోట మంత్రం, అంతవరకే. మంత్రం ఒక పని నెరవేరడానికి, మతకర్మకు ఆ కర్మే ప్రయోజనం అని ఆయనే విడదీశాడు.

మన కోనసీమే చూడండి. కనుమనాడు పదకొండు ఊళ్ల ప్రభలు (శివుణ్ణి నిలిపి, అలంకరించి భుజాల మీద మోసే ఎత్తైన కట్టడాలు) జగ్గన్నతోటకు చేరతాయి. అప్పటికి సార్వా ధాన్యం ఇంటికొచ్చేసింది, వరద ముప్పు లేదు. అయినా గంగలకుర్రు ప్రభను కౌశిక కాలువలోకి దింపి, పీకల్లోతు నీళ్లలో “అశ్శరభ” అంటూ భుజాలు మార్చుకుంటూ దాటిస్తారు. పచ్చటి చేను తొక్కినా రైతు అడ్డుపడడు. ఇందులో భయం కన్నా ఊరి పరువు, పక్కవాడి భుజం మీద భరోసా ఎక్కువ.

ధవళేశ్వరం ఆనకట్ట వచ్చాక మొక్కులు తగ్గాయన్న వాక్యమూ తీసేశాం, ఆధారం లేకుండా రాసింది. పైగా 1852లో దాన్ని పూర్తిచేసిన కాటన్‌నే ఇక్కడి పురోహితులు గోదావరి స్నాన సంకల్పంలో తలుచుకుంటారు. దాన్ని భయమనలేం కదా.