ఆ ఇంజన్ ముందు మనవాళ్ళు ఆగాలి

మార్చి నెలాఖరు వస్తే చాలు, ఫోన్ తెరిస్తే చెర్రీ పూలే. తెలిసినవాళ్ళలో ఎవరో ఒకరు టోక్యోలోనో క్యోటోలోనో ఉంటున్నారు. దాదాపు అందరి ప్లానూ ఒకటే. టోక్యో, ఫుజి కొండ, క్యోటోలో బంగారు గుడి, నారాలో జింకలు, మధ్యలో ఒక పూట హిరోషిమా. వెళ్ళి తీరాలి, చూసి తీరాలి. నా బాధ ఆ 'ఒక పూట' గురించే. ఆ పూటతో యుద్ధం పాఠం అయిపోయిందనుకుని మనవాళ్ళు మళ్ళీ బుల్లెట్ రైలు ఎక్కేస్తున్నారు. అసలు మనకు సంబంధించిన పాఠం హిరోషిమాలో లేదు. అది టోక్యో నడిబొడ్డున, యసుకుని గుడి ఆవరణలో ఉన్న యుషూకాన్ అనే యుద్ధ మ్యూజియంలో, టికెట్ కూడా అక్కర్లేని ముందు హాల్లో ఉంది.

ముందు హిరోషిమా సంగతి చెప్పుకుందాం. అక్కడి శాంతి మ్యూజియం గొప్పది. అంకెలు చెప్పి ఊరుకోదు, వస్తువులు చూపిస్తుంది. ఒక గాజు పెట్టెలో తుప్పు పట్టిపోయిన మూడు చక్రాల సైకిల్ ఉంటుంది. 1945 ఆగస్టు 6న ఉదయం 8:15కి, ఇంకా నాలుగేళ్ళు నిండని పిల్లవాడు దాని మీద ఆడుకుంటున్నాడు. ఆ రాత్రే పోయాడు. అంత చిన్నవాణ్ణి ఒంటరిగా శ్మశానంలో వదలడానికి తండ్రికి మనసొప్పలేదు. పెరట్లోనే గొయ్యి తీసి, సైకిల్‌ని కూడా పక్కనే పెట్టి పూడ్చాడు. నలభై ఏళ్ళ తర్వాత, 1985లో తవ్వి, ఎముకల్ని కుటుంబ సమాధికి చేర్చి, సైకిల్‌ని మ్యూజియానికి ఇచ్చాడు. ఆ పెట్టె ముందు మాట్లాడేవాళ్ళు ఎవరూ నాకు కనిపించలేదు. పసుపు టోపీల బడిపిల్లలు కూడా అక్కడికొచ్చేసరికి గప్‌చుప్ అయిపోయారు. ఆ ఏడాది ఆఖరుకి చనిపోయినవాళ్ళు దాదాపు 1,40,000 మంది అని గోడ మీద చదవొచ్చు. కానీ ఆ సైకిల్ చూశాక లెక్క అవసరం పడదు.

బయట పార్కులో ఆర్కిటెక్ట్ కెంజో టాంగే రూపొందించిన స్మారకం ఉంది. దాని మీద రెండు ముక్కలు చెక్కారు. 'ప్రశాంతంగా నిద్రపోండి' అనేది మొదటిది. రెండోదాన్ని తెలుగులోకి తెద్దామంటే చిక్కొచ్చి పడుతుంది. ఆ తప్పు మళ్ళీ చేయం అనాలా, చేయరు అనాలా? జపనీస్ క్రియలో ఆ తేడా తెలియదు. కర్త లేకుండానే వాక్యం నడిచిపోతుంది. మన తెలుగు క్రియ మాత్రం చేసిందెవరో చెప్పేదాకా వదలదు. యుద్ధం తర్వాత జపాన్ నాయకుల మీద జరిగిన టోక్యో విచారణలో జడ్జిగా కూర్చున్న మన జస్టిస్ రాధాబినోద్ పాల్ 1952లో అక్కడికి వచ్చి సరిగ్గా ఇదే అడిగారు. బాంబు వేసింది జపాన్ వాళ్ళు కాదు కదా, 'మేం మళ్ళీ చేయం' అని వీళ్ళు చెప్పడమేమిటి అన్నారు. ఆ వాక్యం రాసిన ప్రొఫెసర్ కూడా బాంబు దెబ్బ తిన్నవాడే. కర్త మొత్తం మానవజాతి అన్నది ఆయన జవాబు. నగరపాలక సంస్థ చెప్పే అర్థం కూడా ఇప్పటికీ అదే.

ఉదాత్తమైన మాటే, కాదనను. కానీ కర్తను తీసేసిన వాక్యంలో తప్పు చేసినవాడు దాక్కోవచ్చు, చచ్చిపోయినవాడి పేరు కూడా మాయమైపోవచ్చు. అదే హిరోషిమాలో ఆ రోజు వేలమంది కొరియన్లు చనిపోయారు. కొరియా అప్పుడు జపాన్ వలస, వాళ్ళలో బలవంతంగా పనికి తెచ్చినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ స్మారకాన్ని 1970లో పార్కు బయట పెట్టాల్సి వచ్చింది. పార్కు లోపలికి రావడానికి 1999 దాకా పట్టింది. చచ్చిపోయాక కూడా గేటు బయట 29 ఏళ్ళు.

క్యోటోలోనూ ఇలాంటి చోటు ఒకటుంది. కియోమిజు గుడికి వెళ్ళినవాళ్ళు కాస్త ఓపిక చేసి నడిస్తే చేరుకోవచ్చు. గడ్డి మొలిచిన ఒక దిబ్బ, దాని మీద రాతి స్తూపం, చుట్టూ మామూలు ఇళ్ళు. దాన్ని చెవుల దిబ్బ అంటారు. నిజానికి ఎక్కువగా ఉన్నవి ముక్కులు. 1590లలో జపాన్ పాలకుడు హిదెయోషి సైన్యం కొరియా మీద పడ్డప్పుడు, ఎంతమందిని చంపామో చూపించుకోవడానికి సైనికులు ముక్కులు కోసి, ఉప్పులో ఊరబెట్టి ఓడల్లో పంపారు. ఆ దిబ్బ కింద ఉన్నవి అవే. బంగారు గుడి దగ్గర ఫొటో దిగడానికి క్యూ కట్టే మనం ఇక్కడికి రాం. ప్యాకేజీలో ఉండదు మరి.

ఇక యుషూకాన్. లోపలికి అడుగుపెట్టగానే ఒక పక్క జీరో యుద్ధ విమానం, ఇంకో పక్క నల్లగా నిగనిగలాడే ఆవిరి ఇంజన్ కనిపిస్తాయి. ఇంజన్ నంబరు సి56-31. దుమ్ము లేదు, మసి లేదు. చక్రాల మధ్య కడ్డీలు కూడా తుడిచి మెరిపించారు. పిల్లలు దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారు. 1943లో థాయ్‌లాండ్, బర్మాల మధ్య జపాన్ సైన్యం వేసిన రైలుమార్గం ప్రారంభ వేడుకలో నడిచిన ఇంజన్ ఇది. ఆ రైల్వేలో పనిచేసిన మాజీ సైనికులు డబ్బు పోగేసి 1979లో దీన్ని తెప్పించి గుడికి సమర్పించారు. ఇంజన్ చరిత్ర రాశారు. ఆ మార్గం వేయడంలో ఎంతమంది ప్రాణాలు పోయాయో మాత్రం రాయలేదు.

అదేం రైలుమార్గమో ప్రపంచానికి తెలుసు, 'డెత్ రైల్వే' అంటారు. 415 కిలోమీటర్లు, కొండలూ అడవులూ తొలుస్తూ, ఏడాదికి కాస్త అటూఇటూగా పూర్తి చేశారు. బ్రిటిష్, ఆస్ట్రేలియన్, డచ్ యుద్ధ ఖైదీలు 60 వేలకు పైగా పనిచేస్తే, వాళ్ళలో 12 వేలకు పైగా చనిపోయారు. ఈ సంగతి మీద పుస్తకాలొచ్చాయి, సినిమాలొచ్చాయి. థాయ్‌లాండ్‌లోని కాంచనబురిలో వాళ్ళకు వరసలు వరసలుగా సమాధులున్నాయి, చాలా రాళ్ళ మీద పేరూ వయసూ ఉన్నాయి. కానీ ఆ పనికి తోలినవాళ్ళలో ఎక్కువమంది తెల్లవాళ్ళు కానే కాదు. బర్మా, మలయా, జావా నుంచి తెచ్చిన ఆసియా కూలీలు రెండు లక్షల దాకా ఉంటారు. మలయా రబ్బరు, కొబ్బరి తోటల్లో పనిచేస్తున్న తమిళులు, తెలుగువాళ్ళు ఆ గుంపులో ఉన్నారు. మంచి కూలి ఇస్తామని కొందరిని తీసుకెళ్ళారు. ఉచితంగా సినిమా అని పిలిచి, తలుపులు మూసి పట్టుకెళ్ళిన ఉదంతాలూ చరిత్రకారులు రాశారు. కలరా వస్తే గుడిసెలకు గుడిసెలే పోయాయి. ఎంతమంది పోయారంటే 90 వేల దాకా ఉండొచ్చని ఒక అంచనా. ఎంతకాలమైనా అంచనాగానే మిగులుతుంది. ఎందుకంటే వాళ్ళ పేర్లు రాసి పెట్టుకున్నవాడు లేడు. యుద్ధ ఖైదీల్లో అధికారులున్నారు, రహస్యంగానైనా పుస్తకంలో చనిపోయినవాళ్ళ వివరాలు రాసుకున్నారు. తోట కూలీకి ఎవరున్నారు?

గుడిలో ఇంజన్‌కి చోటుంది. దాని పట్టాలు వేసి చచ్చిపోయిన కూలీకి ఒక్క పంక్తి లేదు. ఇది నిర్లక్ష్యమని నేననుకోను, ఎంచుకుని చేసిన పని. అదే యసుకునిలో జపాన్ తరఫున యుద్ధాల్లో పోయిన దాదాపు 24 లక్షల 66 వేల మంది పేర్లతో సహా దైవాలుగా పూజలందుకుంటున్నారు. టోక్యో విచారణలో యుద్ధానికి కుట్ర పన్నారన్న 'ఏ క్లాస్' నేరాల మీద విచారించిన 14 మందిని 1978 అక్టోబరులో గుట్టుగా అందులో చేర్చారు. 1975 తర్వాత జపాన్ చక్రవర్తి ఎవరూ ఆ గుడి మెట్లెక్కలేదు. పేరుకు ఎంత విలువ ఉందో ఆ గుడికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

అక్కడే మన పాల్ గారి శిలాఫలకం కూడా ఉంది, 2005లో పెట్టారు. మనవాళ్ళు గర్వంగా ఫొటో తీసుకునేది దాని దగ్గరే. నిందితులందరూ నిర్దోషులని టోక్యో విచారణలో విడిగా తీర్పు రాసిన భారతీయ జడ్జి కదా. కానీ జపాన్ సైన్యం దారుణాలు చేసిందనడానికి సాక్ష్యం బలంగా ఉందని కూడా ఆ తీర్పులోనే ఆయన రాశారు. గెలిచినవాడు ఓడినవాణ్ణి విచారించే పద్ధతి చెల్లదన్నది ఆయన వాదన, ఏ ఘోరమూ జరగలేదని కాదు. ఆయన బొమ్మను చెక్కించుకున్నవాళ్ళు ఆయన రాసిన ఆ మాటను వదిలేశారు. మనం కూడా వదిలేసి సెల్ఫీ దిగి వచ్చేస్తే ఆ పెద్దాయనకు అన్యాయం చేసినట్టే.

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు. జపాన్ మనకు మిత్రదేశం. 1952లో మనమే నష్టపరిహారం వద్దన్నాం. 1995లో ప్రధాని మురయామా ఆసియా ప్రజలకు క్షమాపణ చెప్పారు. నేతాజీకి చేయూతనిచ్చింది వాళ్ళే, ఆయన అస్థికలుగా చెప్పేవి టోక్యో రెంకోజి గుడిలోనే ఉన్నాయి. 'జై హింద్' నినాదాన్ని ఇచ్చిన నేతాజీ సహచరుడు అబిద్ హసన్ మన హైదరాబాదీయే. సెలవు పెట్టుకుని, అప్పు చేసి పిల్లల్ని తీసుకెళ్ళిన ట్రిప్‌లో ఈ పాత గొడవలెందుకు అంటారు. అన్నీ నిజమే. కానీ స్నేహం వేరు, మర్చిపోవడం వేరు. నేతాజీ మీద భక్తి ఉన్నవాళ్ళం, అండమాన్‌లో 1942 నుంచి 1945 దాకా జపాన్ సైన్యం భారతీయుల్ని ఎలా హింసించిందో కూడా తెలుసుకోవాలి. పరిహారం మాఫీ చేసే హక్కు ప్రభుత్వానికి ఉంది. చనిపోయినవాడి పేరు మాఫీ చేసే హక్కు ఎవరికీ లేదు.

పేర్లతో గుర్తుచేసుకోవడం జపాన్‌కి చేతకాని పని కూడా కాదు. జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవికి వెళ్ళి చూడండి. అక్కడ మబుని అనే చోట, సముద్రం మీదికి తెరుచుకున్న కొండకొమ్మున, 1995లో 'శాంతి పునాదిరాయి' కట్టారు. నల్లరాతి పలకలు, ఒకదాని వెనక ఒకటి, అలల్లాగా. ఒకినావా యుద్ధంలో పోయిన 2,40,000 మందికి పైగా పేర్లు వాటి మీద చెక్కి ఉన్నాయి. ఒకినావా రైతులు, జపాన్ సైనికులు, వాళ్ళ మీదికి దిగిన అమెరికన్లు 14 వేల మందికి పైగా, కొరియన్లు, తైవాన్ వాళ్ళు, బ్రిటిష్ వాళ్ళు. చంపినవాడి పేరు ఒక పలక మీద, చచ్చినవాడి పేరు పక్క పలక మీద. కొత్తగా ఎవరి పేరైనా రుజువైతే ఏటా అక్కడి స్మారక దినమైన జూన్ 23 లోపు చేరుస్తారు. ఆ రోజు ముసలివాళ్ళు వచ్చి, పేరును వేలితో తడుముతారు. ముందు పూలూ పళ్ళూ మంచినీళ్ళూ పెడతారు. నేను చూసిన యుద్ధ స్మారకాలన్నిటిలో నా తల పూర్తిగా వంగింది అక్కడే. హిరోషిమాకు ఒక పూట ఇచ్చినవాళ్ళు, వీలైతే మబునికి ఒక రోజు ఇవ్వండి.

యుషూకాన్‌లో ఆ కూలీల పేర్లు రాయమని అడగాలంటే ముందు మన దగ్గర పేర్లుండాలి. ఉన్నాయా? ఇక్కడే నాకు జపాన్ మీద కంటే మన మీదే ఎక్కువ కోపం వస్తుంది. శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా ఒకప్పుడు 'రంగం పోవడం' అంటే తెలియని ఊరు లేదు. రంగం అంటే రంగూన్. మేస్త్రీ దగ్గర బయానా పుచ్చుకుని ఓడెక్కి, అక్కడ రేవులో మూటలు మోసి, బియ్యం మిల్లుల్లో పనిచేసి, రిక్షాలు లాగి ఇంటికి డబ్బు పంపినవాళ్ళు. కోరంగి రేవు పేరు మీద బర్మా వాళ్ళు మనల్ని కోరంగీలు అన్నారు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక, 1942లో ఐదు లక్షల దాకా భారతీయులు బర్మా వదిలి బయల్దేరారు. వాళ్ళలో చాలామంది అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా నడుచుకుంటూ వచ్చారు. తెల్లవాళ్ళకో దారి, మనవాళ్ళకో దారి చూపించింది బ్రిటిష్ ప్రభుత్వం. దారిలో పోయినవాళ్ళు వేలల్లో ఉంటారు. వాళ్ళదీ అంచనాయే. ఆ ఏడాదే ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ యుద్ధనౌక నుంచి లేచిన విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులేశాయి. జనం మూటలు నెత్తిన పెట్టుకుని పల్లెలకు పరుగెత్తారు.

1971 యుద్ధ విజయానికి విశాఖ బీచ్ రోడ్డులో స్మారకం ఉంది, ఉండాల్సిందే. అదే రోడ్డులో సబ్‌మెరైన్ కూడా ఉంది. రంగం దారిలో పోయినవాళ్ళ పేర్లతో మాత్రం ఒక గోడ లేదు. సెంటరు సెంటరుకీ నాయకుల విగ్రహాలు నిలబెట్టే మనకు రాయి దొరకదా, చెక్కేవాడు దొరకడా? పేర్లు ఇంకా కొన్ని ఇళ్ళలో మిగిలే ఉన్నాయి. పాత ఉత్తరాల్లో, మనియార్డర్ రసీదుల్లో, తొంభై దాటిన ముసలమ్మల నోళ్ళలో. మలేషియాలో తెలుగు సంఘాలున్నాయి, డెత్ రైల్వేకి వెళ్ళి తిరిగిరాని తాతల కబుర్లు అక్కడి కుటుంబాల్లో వినబడతాయి. ఒక్క యూనివర్సిటీ చరిత్ర శాఖ ఈ పని చేపట్టి, జిల్లాకి పదిమంది కుర్రాళ్ళను రెండేళ్ళు తిప్పితే పుస్తకం తయారవుతుంది. అప్పుడా పుస్తకం పట్టుకుని యుషూకాన్ వాళ్ళకు ఉత్తరం రాయొచ్చు.

మా ఊరి మాటలో 'రంగం పోయాడు' అంటే వెళ్ళాడని, 'రంగంలో పోయాడు' అంటే చచ్చిపోయాడని. మా తాతగారి తమ్ముడి విషయంలో ఇంట్లో రెండు మాటలూ వాడేవారు, ఏది నిజమో తెలియక. పోయిన తిథి తెలియదు కాబట్టి ఏటా మహాలయ అమావాస్య నాడే ఆయనకు నీళ్ళు వదిలేవాళ్ళు. పురోహితుడు గోత్రం అడిగితే మా నాన్న టక్కున చెప్పేవాడు. పేరు అడిగితే 'రంగం బాబాయి' అనేవాడు. అసలు పేరు అప్పటికే ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.