కీటో సరే, మందుల మాట ఏమిటి?
పిండిపదార్థాలు బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా తినే కీటో ఆహారం గురించి ఈమధ్య ఒక వ్యాసం చదివాను. దానితో కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) లాంటి ఆటో ఇమ్యూన్ జబ్బుల్లో, అంటే శరీర రక్షణ వ్యవస్థ సొంత శరీరంపైనే దాడిచేసే జబ్బుల్లో, వాపు తగ్గుతుందని, మందులకు స్వస్తి చెప్పవచ్చని అందులో రాశారు. ఆధారంగా చూపిన 2015 నాటి యేల్ విశ్వవిద్యాలయ పరిశోధన గురించి సగమే చెప్పారు. బీటా హైడ్రాక్సీ బ్యుటిరేట్ అనే కీటోన్ (శరీరం కొవ్వును కరిగించినప్పుడు తయారయ్యే పదార్థం), వాపును రగిలించే ఎన్‌ఎల్‌ఆర్‌పి3 ప్రోటీన్ల సముదాయాన్ని అడ్డుకుంటుందన్నది నిజమే. కానీ అది తేలింది ఎలుకల్లోనూ, ప్రయోగశాలలో పరీక్షించిన మనిషి రక్తకణాల్లోనూ. కీళ్లవాతం రోగులకు కీటో పెట్టి చూసిన పరిశోధన కాదది.

మా అక్కకు ఈ జబ్బే. అన్నం, ఇడ్లీ మానేసి గుడ్లు, నెయ్యి, ఆకుకూరలకు మారాక బరువు తగ్గింది. పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోవడం తగ్గి, జడ తనే అల్లుకుంటోంది. ఇది కీటోన్ల మహిమా, బరువు తగ్గినందువల్లా, మిఠాయిలు మానినందువల్లా? ఎవరు చెప్పగలరు! కీళ్లవాతానికి వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ మందు మాత్రం ఆపలేదు. నొప్పి తగ్గినంత మాత్రాన లోపల కీలు దెబ్బతినడం ఆగినట్టు కాదని డాక్టరు గట్టిగా చెప్పారు.

అన్నట్టు, టైప్ 1 మధుమేహమూ ఆటో ఇమ్యూన్ జబ్బే. ఆ రోగులెవరైనా ఆ వ్యాసం చదివి ఇన్సులిన్ మానేస్తే కీటోఅసిడోసిస్‌తో, అంటే కీటోన్లు మితిమీరి రక్తం ఆమ్లంగా మారడంతో, ప్రాణం మీదికి వస్తుంది. చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్లను ఉన్నట్టుండి ఆపడమూ ప్రమాదమే. వ్యాసంలో వంటకాల పట్టికకు అంత చోటిచ్చినవారు దీనికి రెండు వాక్యాలైనా కేటాయించాల్సింది.