తండ్రి జీతానికి కరువు భత్యం, బిడ్డ మనోవర్తికి వాయిదా

ఎల్‌కేజీ చదివే పిల్లవాడికి నెలకు 6,000 రూపాయల మనోవర్తి ఇవ్వాలని కోర్టు ఆదేశించిందనుకుందాం. ఇప్పుడు వాడు పదో తరగతి. ఫీజు పెరిగింది, బూటు సైజు పెరిగింది, తండ్రి జీతమూ పెరిగింది. ఆ 6,000 మాత్రం అక్కడే ఉంది. తండ్రి కేంద్ర ప్రభుత్వోద్యోగి అయితే, ధరల సూచీని బట్టి జనవరి నుంచి ఒకసారి, జూలై నుంచి ఒకసారి కరువు భత్యం సవరిస్తారు. దానికోసం ఆయన వకీలును పెట్టుకోడు, బియ్యం ధర పెరిగిందని ఎవరికీ నిరూపించడు. అదే బియ్యం తినే బిడ్డ తరఫున తల్లి మాత్రం కోర్టు మెట్లెక్కాలి.

చట్టంలో దారి లేకపోలేదు. పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ)లోని 127వ సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 146 అయింది. పరిస్థితులు మారాయని రుజువైతే మనోవర్తిని పెంచవచ్చు, తగ్గించవచ్చు. నా పేచీ అంతా ఆ ‘రుజువైతే’ దగ్గరే. విడిపోయి పదేళ్లయిన మనిషి జీతం ఆమెకెలా తెలుస్తుంది? పే స్లిప్పు ఉండేది ఆయన చేతిలో, నిరూపించాల్సిన భారం ఆమె నెత్తిన! 2020 నవంబరులో జస్టిస్ ఇందూ మల్హోత్రా, జస్టిస్ ఆర్. సుభాష్‌రెడ్డిల సుప్రీంకోర్టు ధర్మాసనం మనోవర్తి కేసుల్లో ఇరుపక్షాలూ ఆస్తులు, అప్పులు, ఆదాయాలతో అఫిడవిట్ వేయాల్సిందేనంది. గొప్ప తీర్పే. కానీ ఆ అఫిడవిట్ కేసు నడిచే నాటి లెక్క. ఉత్తర్వు వచ్చిన మరుసటి ఏడాది ప్రమోషన్ వస్తే ఆమె మళ్లీ పిటిషన్ వేయాలి, మళ్లీ నోటీసు, మళ్లీ వాయిదా.

బ్రిటన్‌లో పిల్లల మనోవర్తిని లెక్కగట్టే ప్రభుత్వ సంస్థ ఏటా పన్నుల శాఖ నుంచే ఆదాయం వివరాలు తెప్పించుకుని మొత్తాన్ని సవరిస్తుంది. మధ్యలో ఆదాయం 25 శాతమైనా అటూ ఇటూ అయితేనే మళ్లీ లెక్క చూస్తుంది. లోపాలు లేవని కాదు, సొంత వ్యాపారం ఉన్నవాళ్లు అక్కడా ఆదాయం తగ్గించి చూపగలరు. అయినా తల్లిని గూఢచారిగా మార్చలేదు. మనకూ పాన్ కార్డుంది, జీతంలోనే పన్ను కోసుకునే టీడీఎస్ ఉంది. పన్ను వసూలుకు కనబడే జీతం బిడ్డ అన్నం దగ్గరికొచ్చేసరికి రహస్యమైపోతుంది.

ఏ ఇద్దరి సంసారమూ ఒకేలా ఉండదు, సూత్రం పెడితే న్యాయమూర్తి విచక్షణ పోతుందని కొందరంటారు. ఉద్యోగం పోయిన తండ్రి మాటేమిటని అడుగుతారు. సబబైన ప్రశ్నే. కానీ ఏటా లెక్క చూసే పద్ధతి ఉంటే బాగుపడేది అతనే. ఇప్పుడు తగ్గింపు కోసం వేసిన పిటిషన్ తేలేలోపు బకాయిలు కొండలా పేరుకుంటున్నాయి.

అసలు రోగం మనోవర్తిది మాత్రమే కాదు. మన రాజ్యం తన ఉద్యోగుల జీతాన్ని ధరలతో ముడివేస్తుంది, నోరులేని వాళ్ల సొమ్మును అంకె దగ్గర గడ్డకట్టిస్తుంది. 1973 నాటి సీఆర్‌పీసీ మనోవర్తికి పెట్టిన 500 రూపాయల గరిష్ఠ పరిమితి 2001లో సవరణ వచ్చేదాకా కదల్లేదు. ఆ కాలంలో పుట్టిన పాప పెళ్లయి తల్లి అయ్యేంత వ్యవధి అది! ప్రావిడెంట్ ఫండ్ ఉద్యోగులకిచ్చే ఈపీఎస్ కనీస పింఛను 2014లో 1,000 రూపాయలుగా ఖరారైంది. ఆ తర్వాత ఎన్ని కరువు భత్యాలు ప్రకటించారో లెక్కపెట్టుకోండి.

మార్గం లేక కాదు. 2025 మేలో సుప్రీంకోర్టే ఒక కేసులో భార్యకు నెలకు 50,000 రూపాయల భరణం నిర్ణయించి, రెండేళ్లకోసారి 5 శాతం పెంచాలంది. 5 శాతం ఏ మూలకన్నది వేరే సంగతి, పెంపు ఉత్తర్వులోనే ఉండటం ముఖ్యం. పిల్లల కేసుల్లో రాయడానికీ రెండు వాక్యాలు చాలు: ధరల సూచీ మేరకు ఏటా ఏప్రిల్‌లో ఈ మొత్తం పెరుగుతుంది, తండ్రి తన జీతం, పన్ను కోత చూపే ఫారం 16ను జూలైలోగా కోర్టులో దాఖలు చేయాలి. చేయకపోతే, ఆదాయం పెరిగినట్టే లెక్క.