టుపొలెవ్ బీచ్‌రోడ్డుకు వచ్చింది, దాని ఇంటి కథ ఇంకా రావాలి

విశాఖ బీచ్‌రోడ్డులో సాయంత్రం నడకకు వెళ్లేవాళ్లకు ఇది రోజూ కనిపించేదే. సముద్రం వైపు ఇసుకలో ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామి. రోడ్డుకు ఇవతల టుపొలెవ్ టీయూ-142 విమానం. ఒకటి నీళ్లకింద దాక్కునేది, రెండోది అలా దాక్కున్నవాటిని వెతికి పట్టుకునేది. రెండూ సోవియట్ యూనియన్‌లో తయారై వచ్చినవే. ఇప్పుడు రెండిటి ముందూ పిల్లలు ఫొటోలు దిగుతారు, పక్కనే మురీ మిక్చర్ బండి. 2002 నుంచి కుర్సురా, 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినప్పటి నుంచి టుపొలెవ్ ఈ ఊరి గుర్తుల్లో కలిసిపోయాయి.

కుర్సురా సంగతి వేరు, అది ఈ తీరంలో మసలిన ఓడ. టుపొలెవ్ అలా కాదు. అది కాపురం చేసింది ఇక్కడ కాదు. మొదట గోవాలోని డబోలిమ్‌లో, ఆ తర్వాత పాతికేళ్ల పాటు తమిళనాడులోని అరక్కోణంలో ఉంది. విశాఖకు వచ్చింది రిటైరయ్యాకే. యాభై మీటర్ల రెక్కలు, నాలుగు ఇంజిన్లు, ఒక్కో ఇంజిన్‌కు ఎదురెదురు దిశల్లో తిరిగే జంట ప్రొపెల్లర్లు, అన్నీ పదిలంగా మన కళ్లముందున్నాయి. కానీ దాన్ని నడిపినవాళ్ల, కడిగినవాళ్ల, రాత్రంతా దాని కడుపులో కూర్చుని సముద్రాన్ని విన్నవాళ్ల జ్ఞాపకాలు ఎక్కడున్నాయి? విమానాన్ని కాపాడుకోవడంలో చూపిన శ్రద్ధ ఆ జ్ఞాపకాల మీద కూడా పెట్టాలి. అదీ ఇప్పుడే పెట్టాలి. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

గస్తీ విమానం విలువ తెలియాలంటే 1942 ఏప్రిల్‌ను గుర్తు చేసుకోవాలి. ఆ నెల 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మా నానమ్మ చివరి దాకా కొన్ని సంగతులకు ‘బాంబులు పడ్డ ఏడు’ అనే లెక్క చెప్పేది. ఫలానావాళ్ల పెళ్లి దానికి ముందా, తర్వాతా అని. సరిగ్గా రెండు రోజుల ముందు, ఏప్రిల్ 4న, సింహళ దక్షిణ తీరంలోని కొగ్గల అనే మడుగు నుంచి ఒక కాటలీనా ఎగిరింది. అది నీళ్లమీదే దిగి, నీళ్లమీద నుంచే లేచే పడవ విమానం. నడిపింది కెనడా వైమానిక దళానికి చెందిన లెనార్డ్ బిర్చల్. కొగ్గలకు వచ్చి అప్పటికి రెండు రోజులే. గంటల తరబడి ఖాళీ నీళ్లు చూశాక, ఇక వెనక్కి తిరగబోయే ముందు, దక్షిణాన సముద్రం మీద చుక్కలు కనిపించాయి. దగ్గరికెళ్తే జపాన్ విమానవాహక నౌకల దండు. వైర్‌లెస్‌లో కబురు పంపుతుండగానే జపాన్ యుద్ధ విమానాలు వాళ్లను కూల్చేశాయి. తొమ్మిదిమందిలో ఆరుగురు బతికి ఖైదీలయ్యారు. కానీ కబురు అందింది, మర్నాడు కొలంబోపై దాడి జరిగే సమయానికి అక్కడివాళ్లు సిద్ధంగా ఉన్నారు.

బంగాళాఖాతంలోకి వచ్చింది వేరే జపాన్ దండు. ర్యూజో అనే నౌక నుంచి లేచిన విమానాలే మన రేవుల మీదికొచ్చాయి. కొలంబోకు ముందురోజే హెచ్చరిక అందింది. ఆ భాగ్యం మన తీరానికి దక్కలేదు. ఒక్క విమానం, తొమ్మిదిమంది మనుషులు, సరైన సమయంలో సరైన నీళ్ల మీద ఉండటం, లేకపోవడం: తేడా అంతే. ఆ తర్వాత కొన్ని నెలలకే మద్రాసు పక్కన రెడ్‌హిల్స్ చెరువులో కాటలీనాల స్థావరం వెలిసింది. ఇవాళ చెన్నైకి తాగునీళ్లిచ్చే పుళల్ చెరువు అదే. తెలుగుగంగ ద్వారా పూండి జలాశయం చేరే కృష్ణా నీళ్లు కొంత దూరం ప్రయాణించి కలిసేదీ అందులోనే. ఆ నీళ్లమీద ఒకప్పుడు బాంబులు మోసే విమానాలు బాతుల్లా బారుగా తేలేవంటే ఇప్పుడు నమ్మడం కష్టం.

యుద్ధం ముగిశాక బ్రిటిష్‌వాళ్లు కాన్పూర్‌లో వదిలేసి పోయిన లిబరేటర్ బాంబర్లది మరో కథ. మళ్లీ ఎవరూ వాడకుండా వాటిని పాడుచేసి మరీ పోయారు. బెంగళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ మనుషులు వాటిని కాన్పూర్‌లోనే ఎగరగలిగేంత వరకు అతికి, బెంగళూరు తీసుకెళ్లి బాగుచేశారు. అలా నలభైకి పైగా విమానాలు మళ్లీ పనిలోకి వచ్చాయి. వాటిలో కొన్ని 1968 దాకా మన సముద్రాల మీద కాపలా కాశాయి. ఆ తర్వాత ఆ పని ఎయిరిండియా నుంచి వచ్చిన సూపర్ కాన్‌స్టలేషన్లు అందుకున్నాయి. ఎల్లోరా రాణి లాంటి పేర్లతో లండన్‌కు ప్రయాణికులను మోసిన విమానాలవి. బోయింగ్ 707లు రాగానే పాతబడి, వైమానిక దళం చేతికొచ్చాయి.

ఇక్కడొక విషయం చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. సముద్రం నౌకాదళానిది, దాని మీద దూరపు గస్తీ మాత్రం వైమానిక దళానిది. 1971లోనూ ఇదే ఏర్పాటు. ఆ డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ వాకిట్లోనే మునిగిపోయింది. బీచ్‌రోడ్డులోని యుద్ధ స్మారకం ఆ విజయానిదే. కానీ అదే నెల 9న డయ్యూ దగ్గర మరో పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ మన ఐఎన్ఎస్ ఖుక్రీని ముంచింది. 194 మంది చనిపోయారు. తీరం నుంచి లేచి రోజంతా జలాంతర్గాములను వెతకగలిగే దూరగామి విమానం ఒక్కటీ అప్పటికి నౌకాదళం చేతిలో లేదు. మనం ఘాజీని ఏటా తలుచుకుంటాం, మంచిదే. ఖుక్రీ నేర్పిన పాఠాన్ని అంత గట్టిగా తలుచుకోం. డబోలిమ్, అరక్కోణం స్థావరాల అసలు చరిత్ర మొదలయ్యేది ఆ పాఠంతోనే.

1976లో గస్తీ బాధ్యత నౌకాదళానికి మారింది. ఆ నవంబరులో డబోలిమ్‌లోని ఐఎన్ఎస్ హంస అనే నౌకాదళ విమాన స్థావరంలో సూపర్ కాన్‌స్టలేషన్లతో 312 స్క్వాడ్రన్ అనే విమాన దళం పుట్టింది. పేరు ఆల్బట్రాస్, రోజుల తరబడి నేలను ముట్టకుండా ఎగిరే సముద్రపక్షి. మరుసటి ఏడాది అక్టోబరు 1న ఐఎల్-38 అనే సోవియట్ గస్తీ విమానాలతో 315 స్క్వాడ్రన్ వచ్చింది. 1988లో టుపొలెవ్‌లు ఎనిమిది వచ్చి ఆల్బట్రాస్‌లో చేరాయి. అదే ఏడాది నవంబరులో మాల్దీవుల్లో తిరుగుబాటు చేసి, బందీలతో ఓడలో పారిపోతున్న కిరాయి ముఠాను నౌకాదళ గస్తీ విమానాలు కనిపెట్టి వెంటాడాయి. ఆ ఓడను పట్టుకున్నవాటిలో మన నది పేరు పెట్టుకున్న ఐఎన్ఎస్ గోదావరి ఉంది.

1992 మార్చిలో అరక్కోణంలో ఐఎన్ఎస్ రాజాలి అనే నౌకాదళ విమాన స్థావరం ఏర్పడింది. నాలుగు కిలోమీటర్లు దాటిన రన్‌వే. నిండా ఇంధనంతో టుపొలెవ్ లేవాలంటే అంత నేల కావాలి మరి. తిరుపతి నుంచి చెన్నైకి రైల్లో వెళ్లేవాళ్లకు అరక్కోణం అంటే జంక్షన్, ఇడ్లీ పొట్లం, ఇంకో గంటలో చెన్నై. ఆ పక్కనే, ఒక్కోటి దాదాపు పదిహేను వేల హార్స్‌పవర్ ఇంజిన్లు నాలుగు ఒకేసారి అందుకునేవని ఎంతమందికి తెలుసు? ఆ ప్రొపెల్లర్ల కొసలు ధ్వనివేగాన్ని దాటేవి. ఆ రొద విన్నవాళ్లు మర్చిపోలేరు.

ఇంతకీ లోపల పని ఎలా ఉండేది? సోనోబోయ్ అని ఒక గొట్టం. దాన్ని విమానం నుంచి జారవిడిస్తారు. చిన్న పారాచూట్‌తో నీళ్లలో పడుతుంది. దాని తల పైన తేలుతూ ఉంటుంది, కింద నుంచి తీగ చివర ఒక మైకు లోతుకు దిగుతుంది. ఆ మైకు విన్నది పైనున్న యాంటెన్నా విమానానికి పంపిస్తుంది. వరసగా ఇలాంటివి కొన్ని పరిచి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటారు. వినిపించేది నిశ్శబ్దం కాదు. కొన్ని జాతుల రొయ్యలు గోళ్లు చిటుక్కుమనిపిస్తే నూనెలో ఆవాలు చిటపటలాడినట్టుంటుంది. వాన పడితే ఒక రకం హోరు, మరపడవ ఇంజిన్‌ది ఇంకో రకం టకటక, తిమింగలం మూలుగు. వీటన్నిటి అడుగున, ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు, జలాంతర్గామి చప్పుడు. పది గంటలకు మించే ప్రయాణంలో ఏమీ దొరకని రోజులే ఎక్కువ. అద్దాల పెట్టెలో సోనోబోయ్‌ను పెట్టి చూపించవచ్చు. ఆ రొయ్యల చిటపటలో తేడా పట్టిన చెవిని ఏ పెట్టెలో పెడతాం? దాని సొంతదారు నోరు విప్పి చెబితేనే మనకు తెలిసేది.

నేలమీద పనీ అంతే. సముద్రానికి దగ్గరగా కిందకి ఎగిరి వచ్చిన విమానానికి ఉప్పు పట్టి ఉంటుంది. మంచినీళ్లతో కడగాలి. అల్యూమినియంకు ఇనుములా ఎర్రగా తుప్పు పట్టదు. రంగు కింద తెల్లని పొడిలా లేస్తుంది, గోటితో గీకితే రాలుతుంది. దాన్ని మొదట్లోనే కనిపెట్టి, గీకి, మళ్లీ రంగు వేసే మనుషుల వల్లే టుపొలెవ్‌లు 29 ఏళ్లలో ముప్ఫైవేల గంటలు ఒక్క ప్రమాదం లేకుండా ఎగిరాయి. స్థావరం అంటే నా లెక్కలో ఆ చేతులే. ఈ ఉద్యోగంలో ప్రమాదం ఎంత దగ్గరగా ఉంటుందో చూడాలంటే, 315 స్క్వాడ్రన్ పాతికేళ్ల పండగ రోజు, 2002 అక్టోబరు 1న డబోలిమ్ దగ్గర రెండు ఐఎల్-38లు గాల్లో ఢీకొన్నాయి. రెండిటిలోని 12 మందీ పోయారు, కిందనున్న మనుషులు కూడా చనిపోయారు. మిగిలిన ఐఎల్-38లు మళ్లీ పనిలోకి వెళ్లి 2023 అక్టోబరు దాకా ఎగిరాయి. ఆ ప్రమాదం తర్వాత మళ్లీ విమానం ఎక్కినవాళ్ల మనసులో ఏముందో ఏ సాంకేతిక పట్టికలోనూ ఉండదు.

టుపొలెవ్‌లు 2017 మార్చి 29న సెలవు తీసుకున్నాయి. వాటి స్థానంలో ఇప్పుడు రాజాలి నుంచి ఎగిరేవి బోయింగ్ పీ-8ఐ గస్తీ విమానాలు. సెలవు తీసుకున్న కొద్దిరోజులకే ఒక టుపొలెవ్ తన ఆఖరి ప్రయాణంలో విశాఖలోని నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాకు ఎగిరొచ్చి, అక్కణ్నుంచి ముక్కలుగా రోడ్డు మీద బీచ్‌కు చేరింది. కాకినాడ తీరానికీ ఒకటి వెళ్లింది. 1942లో బాంబులు పడిన రెండు ఊళ్లకే ఈ విమానాలు చేరడం ఎవరూ అనుకుని చేసింది కాకపోవచ్చు, నాకు మాత్రం అది ఎంతో సబబుగా అనిపిస్తుంది. ఆ ముడిని ఆ విమానాల పక్కనే, తెలుగులో, పిల్లలకు అర్థమయ్యేలా రాసిపెట్టాలి.

గోవాలో 1998 నుంచి నౌకాదళ విమానాల మ్యూజియం ఉంది. ఒకప్పటి సూపర్ కాన్‌స్టలేషన్‌ను అక్కడ చూడొచ్చు, తాను పనిచేసిన ఊళ్లోనే. మన టుపొలెవ్‌కు ఆ అదృష్టం లేదు కాబట్టి, దాని ఊరిని మనమే ఇక్కడికి తేవాలి. ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. విశాఖలో రిటైరైన నౌకాదళం వాళ్లు లేని వీధి అరుదు. వాళ్లలో రాజాలిలో, హంసలో పనిచేసినవాళ్లను వెతకడం, ఒక్కొక్కరితో రెండు గంటలు మాట్లాడించి రికార్డు చేయడం. విశ్వవిద్యాలయాల చరిత్ర విభాగాల విద్యార్థులు చేయగలరు. రక్షణ రహస్యాలు ఎవరూ అడగక్కర్లేదు. రాత్రి డ్యూటీలో టీ ఎలా కాచుకునేవారు, ఉప్పు కడగడానికి ఎంతసేపు పట్టేది, విమానం రావడం ఆలస్యమైతే క్వార్టర్స్‌లో ఇల్లాళ్లు ఎలా ఉండేవారు, ఇవి చాలు. ఆ టెన్షన్ పడినవాళ్లనూ అడగాలి.

మొన్నొక సాయంత్రం టుపొలెవ్ ముక్కు కింద ఒక పెద్దాయన మనవరాలికి పైకి చూపిస్తున్నాడు.

“అదిగో, ఆ రెక్క వెనకాల. అక్కడ కూర్చునేవాణ్ని.”

“కిటికీ ఉండేదా తాతయ్యా?”

“నా దగ్గర లేదమ్మా. నాకు చెవులతోనే పని.”

ఆయన్ని పలకరిస్తే ఏమైనా అనుకుంటారేమోనని ఆగిపోయాను. ఆ తప్పు మళ్లీ చేయను. సూపర్ కాన్‌స్టలేషన్ రోజుల్లో ఇరవై ఏళ్లకు చేరినవాళ్లకు ఇప్పుడు డెబ్బై వచ్చేశాయి. టుపొలెవ్ తొలి బ్యాచ్‌లో కుర్రాళ్లుగా ఉన్నవాళ్లూ అరవై దగ్గర పడ్డారు.